రెండు గేట్లు, మూడు గడియారాలు: మెనై జలసంధిలో ఇద్దరే నడిపిన తెరచాప పడవ – కేస్ స్టడీ

వేల్స్ వాయవ్య కొసన ఆంగ్ల్‌సీ దీవికి, ప్రధాన భూభాగానికి మధ్య సుమారు 25 కిలోమీటర్ల పొడవున సాగే పాయ మెనై జలసంధి. ఐరిష్ సముద్రం నుంచి దక్షిణానికి వెళ్లే చిన్న పడవలకు ఇది అడ్డదారి. ఆంగ్ల్‌సీ చుట్టూ తిరిగితే బయటి సముద్రపు అలలు తప్పవు, జలసంధి గుండా వెళితే అవి ఉండవు. అయితే ఈ దారిలో రెండు గేట్లు దాటాలి. మొదటిది రెండు వంతెనల మధ్య రాళ్లతో నిండిన స్వెల్లీస్. రెండోది నైరుతి మొగ బయట ఎప్పటికప్పుడు కదిలే ఇసుకమేట, కేర్‌నార్వన్ బార్. ఒక గేటుకు సరిగ్గా కుదిరిన సమయం రెండో గేటుకు కుదరకపోవడమే ఈ కేసులో అసలు విషయం.

పడవ పొడవు 9.1 మీటర్లు, ఫిన్ కీల్ (అడుగున రెక్కలా దిగి ఉండే భాగం), మునక, అంటే నీటిలో మునిగి ఉండే లోతు, 1.5 మీటర్లు, 18 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్. నిలకడగా 5.2 నాట్లు (నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు), గట్టిగా తోస్తే 6 నాట్లు. మనుషులు ఇద్దరే, దంపతులు. టిల్లర్ (చుక్కానిని తిప్పే కర్ర) దగ్గర ఆమె, నావిగేషన్ ఆయనది. బోమారిస్ ఎదుట పడవను కట్టి ఉంచే మూరింగ్ బోయ నుంచి బయలుదేరి స్వెల్లీస్, కేర్‌నార్వన్ మీదుగా అదే రోజు బార్ దాటి బయటపడాలన్నది మొదటి ప్రణాళిక.

నీరు ఎందుకిలా పారుతుంది

పోటు నిండితే నీరు నిలుస్తుందని, తర్వాత ఆటు మొదలై వెనక్కి మళ్లుతుందని చాలామంది అనుకుంటారు. మెనైలో అది నిజం కాదు. ఇక్కడ పోటు రెండు మొగల నుంచీ లోపలికి వస్తుంది, రెండు చోట్లా ఒకే వేళకు కాదు, ఒకే ఎత్తుకూ కాదు. నైరుతి వైపు కేర్‌నార్వన్‌లో పోటు ముందే నిండుతుంది, అక్కడ ఎత్తు తక్కువ. ఈశాన్యాన బోమారిస్ వైపు ఆలస్యంగా నిండుతుంది, ఎత్తు బాగా ఎక్కువ. వంతెనల మధ్య ప్రవాహాన్ని నడిపేది రెండు కొసల మధ్య నీటిమట్టంలో ఉండే తేడాయే. ఈశాన్య కొస మట్టం నైరుతి కొసను మించగానే నీరు నైరుతికి తిరుగుతుంది. ఆ సమయానికి బోమారిస్‌లో నీరు ఇంకా పెరుగుతూనే ఉంటుంది.

అందుకే స్వెల్లీస్‌లో పోటు తాలూకు స్లాక్, అంటే ప్రవాహం ఆగి తిరిగే వేళ, లెక్కకు ఆధారంగా తీసుకునే లివర్‌పూల్ పోటుకు సుమారు 2 గంటల ముందు వస్తుంది. ఆ స్లాక్ కూడా ఎంతోసేపు నిలవదు, కొన్ని నిమిషాలే. అమావాస్య, పౌర్ణమి పోట్లకు వంతెనల మధ్య వేగం 8 నాట్ల దాకా, నైరుతి మొగలోని అబర్‌మెనై మొన దగ్గర 5 నాట్ల దాకా, మిగతాచోట్ల 3 నాట్ల దాకా పెరుగుతుంది. 5.2 నాట్ల వేగంతో నడిచే పడవకు ఈ అంకెలు ఏం చెబుతున్నాయో విడమరచనక్కర్లేదు.

గంట తేడా ఎలా దొరికింది

ఆ రోజు లివర్‌పూల్ పోటు యూటీలో (సార్వత్రిక సమయంలో) 13:10, అంటే బ్రిటిష్ వేసవి సమయంలో 14:10. ఎత్తు 8.9 మీటర్లు. స్వెల్లీస్ స్లాక్ 12:10కి రావాలి. ఆయన ప్రణాళిక కాగితం మీద మాత్రం 13:10 అని ఉంది. ఫోన్ యాప్ చూపించిన 14:10 అప్పటికే వేసవి సమయం. ఆల్మనాక్‌లో (ఆటుపోట్ల పట్టికల పుస్తకంలో) అంకెలు యూటీలో ఉంటాయి, వాటికి గంట కలపాలి. ఆ అలవాటుతో యాప్ అంకెకూ ఇంకో గంట కలిపేశారు.

ఈ రెండు రకాల పొరపాట్లు సమానం కావు. ఈశాన్యం నుంచి వెళ్లేవాళ్లు గంట కలపడం మరిచిపోతే గంట ముందు చేరతారు. ప్రవాహం ఇంకా ఎదురుగా ఉంటుంది కాబట్టి దానికి ముక్కు పెట్టి ఇంజన్ మీద ఒకేచోట నిలబడొచ్చు, వెనక్కి తిరగొచ్చు. గంట రెండుసార్లు కలిపితే గంట ఆలస్యంగా చేరతారు. అప్పుడు ప్రవాహం వెనకనుంచి తోస్తూ నిమిష నిమిషానికీ పెరుగుతుంటుంది. నేల మీద వేగం 9, 10 నాట్లున్నా చుక్కానికి దొరికేది పడవ సొంత వేగం మాత్రమే. ఆగాలన్నా ఆగలేరు. మొదటి తప్పుతో పోయేది గంట కాలం, రెండో దానితో పడవ.

తప్పు దొరికింది లోతు కొలిచే డెప్త్ సౌండర్ దగ్గర. ఉదయం 10:20కి పన్నెండో వంతుల లెక్క (ఆరు గంటల్లో నీరు పన్నెండులో 1, 2, 3, 3, 2, 1 వంతుల చొప్పున పెరుగుతుందనే ఉజ్జాయింపు) ప్రకారం బోయ దగ్గర లోతు 4.4 మీటర్లు ఉండాలి. సౌండర్ 5.8 చూపించింది. 1.4 మీటర్ల తేడా. గాలి ఒత్తిడి మీదికి తోసెయ్యడానికి వీల్లేదు. ఒక హెక్టోపాస్కల్‌కు నీటిమట్టం మారేది ఒక సెంటీమీటరు, కాబట్టి 1.4 మీటర్లు దాని ఖాతాలోకి రావు. ఇంకో అనుమానం మాత్రం గట్టిది. సౌండర్ లోతును కీల్ అడుగు నుంచి చూపిస్తోందా, నీటి ఉపరితలం నుంచా? ఆ ఆఫ్‌సెట్ తారుమారైతే వచ్చే తేడా సరిగ్గా పడవ మునకంత, 1.5 మీటర్లు. చూడ్డానికి ఆ సమాధానం అచ్చంగా సరిపోయింది. అక్కడే ఆగి ఉంటే గంట తప్పు అలాగే ఉండిపోయేది.

టిల్లర్ మనిషి అడిగిన ప్రశ్న దాన్ని తేల్చింది: లోతు ఎంతని కాదు, ఎంత వేగంగా పెరుగుతోంది? పెరిగే వేగానికి ఆఫ్‌సెట్‌తో సంబంధం లేదు. ఆ రోజు బోమారిస్‌లో ఆటుపోట్ల తేడా సుమారు 6.2 మీటర్లు. పన్నెండో వంతుల లెక్కలో ఆటు తర్వాత రెండో గంటలో 2 వంతులు, మూడో గంటలో 3 వంతులు పెరగాలి. కాగితం ప్రకారం వాళ్లు రెండో గంటలో ఉన్నారు, అంటే 15 నిమిషాలకు 26 సెంటీమీటర్లు. 10:20 నుంచి 10:35 లోపల సౌండర్ దాదాపు 40 సెంటీమీటర్లు పెరిగింది. అది మూడో గంట వేగం. ఆ తర్వాత యాప్ సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ తెరిచి చూడటం నిర్ధారణ కోసమే.

ఈ పరీక్షకు కావలసింది బోయ మీద నిలబడిన పడవ, గడియారం, పావుగంట. ఎక్కువ ఆటుపోట్లుండే చాలా చోట్ల పని చేస్తుంది, అందుకే ప్రతి కేసులోనూ దీన్ని సిఫారసు చేస్తాం. కొద్ది సెంటీమీటర్ల తేడాల మీద మాత్రం తీర్పులు చెప్పకూడదు. పన్నెండో వంతులు ఉజ్జాయింపు మాత్రమే, పెరిగే వేగం కూడా ప్రతి రేవులో అంత చక్కగా ఉండదు. గంట తప్పు పట్టడానికి అవి చాలు, పది నిమిషాల తప్పు పట్టడానికి చాలవు.

స్వెల్లీస్

బయలుదేరింది 11:15కి. మెనై వంతెనకు 3.5 నాటికల్ మైళ్లు, సుమారు 40 నిమిషాలు. స్లాక్‌కు కాస్త ముందే చేరి చివరి ఎదురు ప్రవాహాన్ని తట్టుకుంటూ లోపలికి వెళ్లడం నైరుతికి వెళ్లేవారి పద్ధతి. బయలుదేరే ముందు ఇంజన్‌ను చల్లబరిచే సముద్రపు నీటి స్ట్రెయినర్ విప్పి నాచు తీశారు, ఫ్యూయల్ సెపరేటర్ గిన్నెలో నీరుందేమో చూశారు. అలలకు ట్యాంక్ అడుగున ఉన్న మడ్డి కదిలి ఫిల్టర్‌ను మూసేయడం, నాచుతో ఇంజన్ వేడెక్కడం – ఇరుకుల్లో ఇంజన్లు ఆగిపోవడానికి తరచు కనిపించే కారణాలివే. మెయిన్ తెరచాప ఎత్తి ఉంచారు. ఇంజన్ ఆగితే వెంటనే చేతికందే రెండో బలం అదే. లంగరు కూడా సిద్ధంగా ఉంచారు. కానీ అడుగంతా రాయి, లంగరు పట్టుకుంటుందని నమ్మకం పెట్టుకోకూడదు.

దారిని ఆయన ముందురోజే ఒక కాగితం పట్టీ మీద రాసుకున్నారు. చార్టు ముందేసుకుని లోపల కూర్చుని చెప్పే నావిగేషన్ స్వెల్లీస్‌లో పనికిరాదు. మనిషి కాక్‌పిట్‌లో ఉండాలి, కళ్లు నీటి మీద ఉండాలి. పట్టీలో ఉన్నవి ఇవి: టెల్‌ఫర్డ్ కట్టిన 1826 నాటి వేలాడే వంతెన నడిమి భాగం కిందుగా పోవాలి. దాటగానే ఎడమ చేతివైపు, అంటే ప్రధాన భూభాగం వైపు ప్లాటర్స్ రాళ్లు, అటు జారకూడదు. తర్వాత స్వెల్లీ రాతి మీద దక్షిణ కార్డినల్ గుర్తు, దానికి దక్షిణంగా వెళ్లాలి. గోరెడ్ గోచ్ దీవి కుడివైపుకు రావాలి. ప్రైస్ పాయింట్ బీకన్ పక్కకు వచ్చాక బ్రిటానియా వంతెన వైపు తిరగాలి. ఆ వంతెన నడిమి స్తంభం బ్రిటానియా రాతి మీదే నిలబడింది, కాబట్టి దక్షిణపు కమాను గుండా వెళ్లాలి. ఆ రోజు మెనై వంతెన కింద 30 మీటర్ల ఖాళీ మాస్టుకు సమస్య కాదు. మధ్యలో కరెంటు తీగలు కూడా దాటతాయి, పొడవాటి మాస్టున్నవాళ్లు చార్టులో వాటి సురక్షిత ఎత్తు విడిగా చూసుకోవాలి.

దారి అంచులు చూపే లాటరల్ బోయల గురించి పట్టీలో ఎర్ర సిరాతో ఒక గీత ఉంది. ఈశాన్యం నుంచి వచ్చేటప్పుడు ఎర్ర బోయలు ఎడమవైపు. కేర్‌నార్వన్ దగ్గర బోయల దిశ తిరగబడుతుంది, అక్కడి నుంచి బయటికి పోతూ ఎర్రవి కుడివైపు. అలవాటుగా నడిపేవాళ్లు బార్ దగ్గర ఇసుక ఎక్కేది చాలాసార్లు ఈ మలుపు మరిచిపోయే.

11:58కి మెనై వంతెన కింద ఎదురు ప్రవాహం నాటుకు కొద్దిగా ఎక్కువ. ఇక్కడిదాకా అంతా పట్టీ ప్రకారమే నడిచింది. ఇబ్బంది స్వెల్లీ రాయి తర్వాత వచ్చింది. చార్ట్ ప్లాటర్ (పడవ జీపీఎస్ స్థానాన్ని చార్టు మీద చూపే తెర) మీద పడవ బొమ్మ రాతికి దగ్గరగా జారుతున్నట్టు కనబడి ఆయన ‘ఎడమకు, ఎడమకు’ అన్నారు. కళ్ల ముందు దృశ్యం అలా లేదు. బీకన్ వెనకున్న చెట్లతో పోలిస్తే బీకన్ కదలడం లేదు, అంటే పడవ గీత మీదే ఉంది. ఆయన మాట పక్కనపెట్టి ఆమె తన కంటిని నమ్మి నడిపారు. అదే సరైన పని.

ప్లాటర్ తప్పు చెప్పిందని కాదు, ఆలస్యంగా చెప్పింది. రాళ్ల వెనక సుడుల్లో దిశ కొన్ని సెకన్లలో మారిపోతుంది. జీపీఎస్ రిసీవర్ నేల మీద దిశను కొన్ని సెకన్ల సగటు తీసి చూపిస్తుంది. బహిరంగ సముద్రంలో ఆ సగటు మేలు చేస్తుంది, సుడిలో గతాన్ని చూపిస్తుంది. అప్పుడు ముక్కు దిశకూ నేల మీది దిశకూ మధ్య 12 డిగ్రీల తేడా ఉంది, అది అప్పటికే తగ్గుతోంది. ఇలాంటి చోట్ల చూపు గుర్తుల వరసే ముందు, ప్లాటర్ తర్వాత. ఇంకో సంగతి: ఇద్దరున్న పడవలో ‘ఎడమకు’ అనే మాటకు అర్థం ముందే తేల్చుకోవాలి. అది టిల్లర్ తోసే వైపా, ముక్కు తిరగాల్సిన వైపా? రెండూ ఒకదానికొకటి ఎదురు. ఈ దంపతులు ఎప్పుడూ ముక్కు దిశనే చెప్పుకునే అలవాటు చేసుకున్నారు. ఇంకా మంచిది, వైపు బదులు వస్తువును చూపించడం: ‘ముక్కు ఆ బీకన్ మీద పెట్టు.’

బ్రిటానియా వంతెన 12:13కి దాటారు. 1850 నాటి ఆ వంతెన 1970లో కాలిపోయాక కమానులతో మళ్లీ కట్టారు. వెనక నీరు అప్పుడే నైరుతికి తిరుగుతోంది.

బార్: లోతు ఉన్నంత మాత్రాన

13:15కి కేర్‌నార్వన్ ఎదుట ఉన్నారు. ఈ కేసులో అన్నిటికన్నా బరువైన నిర్ణయం ఇక్కడిదే. ఆయన లెక్క సులువుగా ఉంది. కేర్‌నార్వన్ పోటు లివర్‌పూల్ కన్నా సుమారు 1 గంట 10 నిమిషాలు ముందు, అంటే 13:00. బార్ మీద నీరు పోటుకు అటూ ఇటూ 3 గంటలు సరిపోతుందని పైలట్ పుస్తకాల సాధారణ సలహా. ఇంకో 5 మైళ్లు, ప్రవాహం తోడు, 14:10కి బయటి బోయల దగ్గర ఉంటారు. అంటే పోటు తర్వాత 1 గంట 10 నిమిషాలు. లోతు దండిగా ఉంటుంది.

లోతు విషయంలో ఈ లెక్కకు వంక పెట్టలేం. అయితే బార్‌కు లోతు గడియారం ఒకటి, అలల గడియారం మరొకటి. పోటు దాటగానే జలసంధి నీళ్లన్నీ అబర్‌మెనై ఇరుకు గుండా బయటికి దూకుతాయి. బయట నైరుతి గాలి 17 నాట్లు వీస్తోంది, వాతావరణ సూచన గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ కొలమానంలో 4 లేదా 5 ఫోర్స్. గాలి తెచ్చే అలలు లోపలికి, నీరు బయటికి.

దీనికి గట్టి లెక్క ఉంది. లోతైన నీటిలో అల వేగం సెకనుకు 1.56 ఇంటూ అల వ్యవధి మీటర్లు. 4 సెకన్ల అల సెకనుకు 6.2 మీటర్లు, అంటే సుమారు 12 నాట్లు పోతుంది. ఎదురు ప్రవాహం ఆ వేగంలో నాలుగో వంతుకు చేరితే అల ఇక ముందుకు శక్తిని మోసుకుపోలేదు. పొడవు కుంచించుకుని, ఎత్తు పెరిగి, నిటారై అక్కడే విరుగుతుంది. 12లో నాలుగో వంతు 3 నాట్లు. అబర్‌మెనై దగ్గర 3 నాట్ల ఆటు చాలా మామూలు విషయం. 6 సెకన్ల అలకు ఆ హద్దు సుమారు 4.5 నాట్లు. మొగ దాటి పోయేకొద్దీ ప్రవాహం విస్తరించి నెమ్మదిస్తుంది, కానీ అప్పటికి అడుగు పైకొచ్చి ఇసుక తన వంతు అలలను లేపుతుంది. హద్దుకు చేరకముందు కూడా అలలు మామూలుకన్నా బాగా నిటారుగా ఉంటాయి.  ఇంకో ప్రమాదం: ప్రవాహం వెనకనుంచి తోస్తుంటే మనసు మార్చుకున్నా తిరిగి రావడం కష్టం.

బయలుదేరే ముందే పట్టీ అడుగున ఒక వాక్యం రాసి ఉంది: నైరుతి నుంచి వాయవ్యం దాకా గాలి 4 ఫోర్స్ దాటితే ఆటులో బార్ లేదు, కేర్‌నార్వన్‌లో ఆగడం. ఆ వాక్యం ఇద్దరూ కలిసి, ప్రశాంతంగా ఉన్నప్పుడు రాసుకున్నది. అంకె ముందే కాగితం మీద ఉంటే ఇద్దరి మధ్య వాదన ధైర్యం మీదికి పోదు, గాలిమీటర్ మీదే ఉంటుంది. ఇంకా సాయపడిన అంశం విక్టోరియా డాక్. దాని గేటు కూడా పోటుకు అటూ ఇటూ కొన్ని గంటలే తెరిచి ఉంటుంది. 13:15కి చేరితే తొందరేమీ లేదు. బార్ దగ్గరికి వెళ్లి చూసి రావాలనుకుంటే మాత్రం ఎదురు ఆటు మీద తిరిగొచ్చేసరికి ఆ గేటు మూసుకునే అవకాశం ఉంది. ‘ఒకసారి చూసి వద్దాం’ అనేది ఇక్కడ ఉచితం కాదు. 14:00 లోపే డాక్‌లో కట్టేశారు.

రెండో రోజు

మరుసటి రోజు గాలి నైరుతి 2, 3కు తగ్గింది. కేర్‌నార్వన్ పోటు 13:45. ఈసారి నీరు నైరుతికి తిరిగి ఆటు బలపడకముందే బయటి బోయలు దాటాలని 12:20కి కదిలారు. అబర్‌మెనై దాకా, బలం తగ్గుతున్న పోటు ప్రవాహానికి ఎదురెళ్లడంతో నేల మీద వేగం 3 నాట్లకు కాస్త పైన, 45 నిమిషాలు పట్టింది. ఇది ఆలస్యంలా కనిపిస్తుంది, కానీ ఎదురు ప్రవాహం వెనక్కి తిరిగే స్వేచ్ఛనిస్తుంది, అలల దిశలోనే పారుతుంది కాబట్టి వాటిని సాగదీసి చదును చేస్తుంది. 13:40కి బయటి జంట బోయల మధ్య ఉన్నారు. అల ఉంది, విరగడం లేదు.

కేర్‌నార్వన్ బార్ బోయలను ఇసుక కదలికను బట్టి తరచు జరుపుతారు. కేర్‌నార్వన్ హార్బర్ ట్రస్ట్ తాజా స్థానాలు ప్రకటిస్తుంది. ఆ రోజు ఉదయం ఆ జాబితాను కాగితం మీద ముద్రించుకున్నారు. ప్లాటర్‌లో ఉన్న పాత చార్టులో బోయలు వేరే చోట ఉన్నాయి, దాని మీద ముందే గీసిపెట్టిన రూట్ అనుసరించి ఉంటే పడవ ఇసుక అంచు మీదుగా పోయేది. ఆ రూట్ తీసేసి ఒక బోయ నుంచి మరో బోయకు కంటితో వెళ్లారు. సౌండర్ అలారం 3 మీటర్లకు పెట్టారు, అది మోగలేదు.

ప్రయాణం ముగిశాక పట్టీలో మూడు మార్పులు చేశారు. పోటు వేళ పక్కన అది ఏ గడియారంలో ఉందో రాయడం, యాప్, ఆల్మనాక్ రెండింటి నుంచీ తీసుకుని పక్కపక్కన పెట్టడం. బోయ మీద 15 నిమిషాల సౌండర్ పరీక్షను బయలుదేరే ముందు తప్పనిసరి చేయడం. స్వెల్లీస్ లోపల ప్లాటర్ తెరను తిప్పి పెట్టి, నావిగేటర్ ముందుకు మాత్రమే చూడటం. మూడోది ఆయనే రాశారు, కింద ఆమె ఒక షరతు చేర్చారు: వంతెనలు రెండూ దాటాక తెరను మళ్లీ ఇటు తిప్పొచ్చు.